‘ఇంకా ఇంట్లోనే ఉండండి’: తొలి నొప్పుల వేళ ఫోన్ సలహా

బ్రిటన్‌లో నొప్పులు మొదలైన గర్భిణి నేరుగా ఆసుపత్రికి బయల్దేరదు. ముందు ఫోన్ చేస్తుంది. ప్రసూతి నోట్సులో రాసి ఉన్న నంబరుకు చేస్తే అవతల మిడ్‌వైఫ్, అంటే శిక్షణ పొందిన మంత్రసాని, పలుకుతుంది. కాసేపు ప్రశ్నలు, జవాబులు. ఆ తర్వాత, ముఖ్యంగా తొలిచూలు వాళ్ళకు, తరచుగా వినిపించే మాట ఒకటే: ‘ఇంకా ఇంట్లోనే ఉండండి, నొప్పులు బలపడ్డాక మళ్ళీ చేయండి’. పాతికేళ్ళకు పైగా ఈ మాట చుట్టూ పెద్ద పరిశోధనే సాగింది. కెనడాలో, స్కాట్లండ్‌లో, వేల్స్‌లో, నార్వేలో వైద్యులు, మిడ్‌వైఫ్‌లు దీన్ని రకరకాలుగా పరీక్షించారు. అదంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. ఈ ఫోన్ కాల్ కూడా ఒక వైద్య పరీక్షే. కడుపు మీద చేయి వేసి చేసే పరీక్షకు ఎంత సమయం, ఎంత అనుభవం ఉన్న మనిషి, ఎంత పక్కా రికార్డు కావాలో దీనికీ అంతే కావాలి. అవి లేని చోట ఆ ఫోన్ గేటు దగ్గర కాపలా మనిషిలా తయారవుతుంది.

ఇంట్లో ఉండమనడానికి కారణం లేకపోలేదు. నొప్పులు పూర్తిగా అందుకోక ముందే లేబర్ రూమ్‌లో చేరిన వాళ్ళకు జోక్యాలు ఎక్కువ జరుగుతాయని చాలా దేశాల లెక్కలు చూపించాయి. 2001లో వచ్చిన ఒక కెనడా అధ్యయనంలో, గర్భాశయ ముఖద్వారం మూడు సెంటీమీటర్లు దాటకుండా చేరిన తొలిచూలు తల్లులకు సిజేరియన్లు, నాలుగు లేదా ఆపైన తెరుచుకున్నాక చేరిన వాళ్ళకంటే రెట్టింపు పైనే జరిగాయి. ఎందుకలా అని అడిగితే ప్రసూతి వార్డుల్లో పనిచేసే ఎవరైనా చెప్పగలరు. మంచం ఎక్కిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. నాలుగు గంటలకోసారి చేతి పరీక్ష. ‘ముందుకు సాగడం లేదు’ అని కేస్ షీట్‌లో ఒక మాట. ఆక్సిటోసిన్ డ్రిప్, దాంతో తీవ్రమయ్యే నొప్పులు, నొప్పి తెలియకుండా ఎపిడ్యూరల్, బిడ్డ గుండె వేగంలో తేడా, చివరికి ఆపరేషన్ థియేటర్. ఇంట్లో ఉంటే తింటుంది, తిరుగుతుంది, గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటుంది, కునుకు తీస్తుంది. భయం తగ్గితే నొప్పులు సజావుగా సాగుతాయన్నది మిడ్‌వైఫ్‌ల అనుభవం.

ఇంతవరకు తర్కం బాగానే ఉంది. చిక్కు దాని తర్వాత వస్తుంది. తొందరగా చేరడం వల్ల కాన్పు కష్టమైందా, కష్టమయ్యే కాన్పు కాబట్టే తొందరగా రావాల్సి వచ్చిందా? బిడ్డ తల సరిగ్గా తిరగక, నడుము విరిగిపోయే నొప్పితో రాత్రంతా నిద్రలేక వచ్చిన తల్లిని, హాయిగా ఇంట్లో తిరిగి ఐదు సెంటీమీటర్లతో వచ్చిన తల్లితో పోల్చి, తేడా అంతా చేరిన వేళదే అనడం న్యాయం కాదు. దీన్ని తేల్చాలంటే చీటీ తీసినట్టు తల్లులను రెండు గుంపులుగా విడగొట్టి చూడాలి. అలాంటి ప్రయోగాలు కొన్ని జరిగాయి.

తొలి ప్రయోగాల్లో ఒకటి 1998లో కెనడాలో, 209 మంది తల్లులతో. నొప్పులు అందుకున్నాయో లేదో ముందు వేరే గదిలో చూసి, అందుకోకపోతే ధైర్యం చెప్పి ఇంటికో, నడకకో పంపారు. ఆ తల్లులకు డ్రిప్ తక్కువ పడింది, నొప్పి మందులు తక్కువ అవసరమయ్యాయి, కాన్పు తమ చేతుల్లోనే ఉందన్న భావన ఎక్కువగా కనిపించింది. ఆశ పుట్టించిన ఫలితమే, కానీ గుంపు చిన్నది. తర్వాత బ్రిటిష్ కొలంబియాలో పాట్రీషియా జాన్సెన్ బృందం నర్సును ఇంటికే పంపి చూడడాన్ని, ఉత్త ఫోన్ సలహాతో పోల్చింది. 2006లో వచ్చిన ఆ ఫలితాల్లో ఇంటికి మనిషి వెళ్ళిన చోట మరీ ముందుగా ఆసుపత్రిలో చేరడం తగ్గింది, సిజేరియన్లు మాత్రం తగ్గలేదు. 2008లో స్కాట్లండ్‌లో హెలెన్ చెయిన్ బృందం 14 ప్రసూతి విభాగాల్లో 4,503 మంది తొలిచూలు తల్లులతో ఒక నిర్ణయ పట్టికను పరీక్షించింది. నొప్పులు నిజంగా అందుకున్నాయో లేదో మిడ్‌వైఫ్‌లు ఆ పట్టిక ప్రకారం తేల్చాలి. ఎక్కువమందిని వెనక్కి పంపగలిగారు, కానీ డ్రిప్ వాడకం తగ్గలేదు. అదే ఏడాది ఎలెన్ హాడ్నెట్ నాయకత్వంలో అమెరికా, కెనడా, బ్రిటన్‌లలోని 20 ఆసుపత్రుల్లో ఐదువేల మంది తల్లులతో జరిగిన ప్రయోగంలో, తొలి నొప్పుల దశలో గంటసేపు శ్రద్ధగా పక్కన కూర్చున్నా సహజ కాన్పుల సంఖ్యలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇలాంటి ఐదు ప్రయోగాలను కలిపి 2017లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. ఇంటి దగ్గర ఆసరా ఇస్తే సిజేరియన్లు తగ్గుతాయని నిక్కచ్చిగా చెప్పే ఆధారం దొరకలేదు.

ఈ ఫలితాలను నిజాయితీగా చదవాలి. ఇంట్లో ఉండడం వల్ల నష్టమని ఏ ప్రయోగమూ చెప్పలేదు. సిజేరియన్ తప్పుతుందని కూడా ఏదీ రుజువు చేయలేదు. అయినా ఎన్నో ఆసుపత్రులు ‘మీ మంచికే చెబుతున్నాం’ అనే ధోరణిలో, ఆధారం గట్టిగా ఉన్నట్టే తల్లులకు చెబుతూ వచ్చాయి. మంచాలు ఖాళీ లేకపోవడం, రాత్రి డ్యూటీలో మనుషులు చాలకపోవడం కూడా ఆ సలహాలో కలిసిపోయాయి. అవి కారణాలైతే అదే మాట తల్లికి చెప్పాలి. వార్డు ఇబ్బందిని ఆమె ఆరోగ్యం ముసుగులో దాచకూడదు.

ఇంకో సంగతి. ‘ఇంకా’ అనేది ఎంతసేపు? దీన్ని తేల్చేది సెంటీమీటర్ల గీత, ఆ గీతేమో జరుగుతూనే ఉంది. 1950లలో న్యూయార్క్‌లో ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ ఐదువందల మంది తొలిచూలు తల్లుల కాన్పులను గ్రాఫు మీదికి ఎక్కించాడు. మూడు, నాలుగు సెంటీమీటర్ల దగ్గర కాన్పు వేగం అందుకుంటుందన్న లెక్క దాంతోనే స్థిరపడింది. 2010లో జున్ ఝాంగ్ బృందం అమెరికాలోని 19 ఆసుపత్రుల నుంచి అరవైరెండు వేలకు పైగా కాన్పుల వివరాలు తీసి చూస్తే, చాలామందిలో ఆరు సెంటీమీటర్ల దాకా నడక నెమ్మదిగానే ఉందని తేలింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దగ్గర గీత గీసింది. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకాలు మాత్రం నాలుగు దగ్గరే ఆగాయి. గీత పైకి జరగడం అనవసరపు డ్రిప్‌లను, తొందరపాటు ఆపరేషన్లను అడ్డుకోవడానికి, అది మంచిదే. కానీ దానివల్ల ‘తొలి దశ’ అనే కాలం సాగింది. ఆ గంటలన్నీ ఎక్కడ గడవాలి? ఇంట్లో. ఎవరి తోడుతో? ఫోన్ తోడుతో. గీత జరిపినప్పుడు ఈ భారాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. మూడు సెంటీమీటర్లకే పదహారు గంటలు నొప్పి పడిన మనిషికి ‘మీకు కాన్పు ఇంకా మొదలుకాలేదు’ అంటే ఎలా ఉంటుందో ఊహించండి.

ఊహించనక్కర్లేదు కూడా, తల్లులే చెప్పారు. నార్వేలో టీనే ఎరి బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తొలిచూలు తల్లులు లేబర్ వార్డుకు ఫోన్ చేసేటప్పుడు తమ నొప్పి నిజమైనదని ఒప్పించుకోవాల్సిన స్థితిలో పడుతున్నారని తేలింది. మరీ ముందు వెళ్తే తిప్పి పంపుతారేమోనని బెరుకు, ఆలస్యం చేస్తే ఏమవుతుందోనని భయం. స్కాట్లండ్ తల్లుల మాటల్లోనూ ఇదే ఊగిసలాట: ఇప్పుడు వెళ్ళాలా, ఆగాలా? స్వీడన్‌లో తల్లులు చెప్పిన మాట మరీ సూటిగా ఉంది. ఈ బాధ్యత నా ఒక్కదాని మీద ఉండకుండా ఎవరైనా తీసుకుంటే చాలని వాళ్ళు ఆసుపత్రికి వెళ్తున్నారు. నొప్పి తగ్గడం దాని తర్వాతి సంగతి. వేల్స్‌లో ఫోన్ సలహా మీద జోసఫీన్ గ్రీన్, హెలెన్ స్పైబీ బృందం చేసిన అధ్యయనాన్ని చూస్తే అందులో ఒక దారి కనిపిస్తుంది. అవతలి మనిషి తీరిగ్గా విని, ‘మీకు రావాలనిపిస్తే రండి’ అని తలుపు తెరిచి ఉంచినప్పుడు తల్లులు తృప్తిగానే ఉన్నారు, ఇంట్లో ఉండడానికీ ఇష్టపడ్డారు. రావాలని అడిగినా వద్దన్నప్పుడే మనసు విరిగింది.

బాగా జరిగే కాల్ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఫోన్ సాధారణంగా భర్త చేస్తాడు. అనుభవమున్న మిడ్‌వైఫ్ అతనితో రెండు మాటలు మాట్లాడి, ‘ఫోన్ ఆమెకు ఇవ్వండి’ అంటుంది. పేరు, ఎన్నో కాన్పు, ఎన్ని వారాలు. ఆ తర్వాత ఆమెను మాట్లాడనిస్తుంది. మధ్యలో ఒక నొప్పి వస్తుంది. మిడ్‌వైఫ్ మౌనంగా ఉండిపోతుంది. మాట ఎక్కడ తెగింది, ఊపిరి ఎలా తీస్తోంది, మూలుగు ఉందా, నొప్పి పోయాక ఎంతసేపటికి మాటలో పడింది, ఇవన్నీ వింటుంది. ఒక్కో కాల్‌లో రెండు మూడు నొప్పులు వినేదాకా లైన్ వదలదు. అప్పుడు అసలు ప్రశ్నలు: బిడ్డ కదలికలు ఎప్పటిలాగే ఉన్నాయా, తగ్గాయా? ఉమ్మనీరు పోయిందా, పోతే ఏ రంగు? రక్తం కనిపించిందా? జ్వరం, తలనొప్పి, కళ్ళు మసకబారడం ఉన్నాయా? నొప్పి వచ్చి పోతోందా, వదలకుండా పట్టేసిందా? ఇంట్లో తోడెవరు? బండి ఉందా, ఆసుపత్రికి ఎంత దూరం? చివరి ప్రశ్న చాలామంది మరిచిపోయేది: ‘మీకేమనిపిస్తోంది?’

పచ్చని ఉమ్మనీరు, తగ్గిన కదలికలు, రక్తస్రావం, వదలని నొప్పి. ఇవి వింటే ఇక సెంటీమీటర్లతో పని లేదు, వెంటనే రమ్మనాలి. 37 వారాలు నిండకపోయినా, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నా, లోగడ సిజేరియన్ అయి ఉన్నా ‘ఇంట్లో ఉండండి’ అనే మామూలు సలహా వర్తించదు. రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్ళలో వేగం ఎక్కువ, గంటలోనే అంతా అయిపోవచ్చు. అలాంటి తల్లిని తొలిచూలు లెక్కన ఆపితే బిడ్డ కారులోనో మెట్ల మీదో పుడుతుంది.

గొంతు విని తేల్చడంలో ఒక ప్రమాదం ఉంది. అందరూ నొప్పిని ఒకేలా బయటపెట్టరు. పళ్ళ బిగువున భరించే మనిషి మాట నిలకడగానే ఉంటుంది, విన్నవాళ్ళు ఇంకా టైముందనుకుంటారు. అరిచేవాళ్ళను భయస్థులనుకుంటారు. పరాయి దేశంలో, పరాయి భాషలో ఈ ప్రమాదం రెట్టింపవుతుంది. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్న తెలుగు ఇల్లాలు ఆఫీసులో అనర్గళంగా ఇంగ్లీషు మాట్లాడగలదు. అదే మనిషికి నొప్పి అందుకున్నాక ‘నడుములో పీకుతోంది’, ‘కింద బరువుగా దిగుతోంది’ అన్న మాటలు తెలుగులో తప్ప రావు. అప్పుడు భర్త అనువాదకుడవుతాడు. అతను ‘నొప్పిగా ఉందట’ అంటాడు. బరువు కిందికి దిగడం కాన్పు దగ్గరపడిందన్న గుర్తు. ఆ ఒక్క ముక్క అతని అనువాదంలో జారిపోతుంది. బ్రిటన్ ఆరోగ్య సేవలో ఫోన్ మీదే దుబాసీని కలిపే సదుపాయం ఉంది, తెలుగుకూ అడగవచ్చు. గర్భిణి నోట్సులో ముందే ‘దుబాసీ కావాలి’ అని రాయించుకోవడం ఇంగ్లీషు వచ్చిన వాళ్ళకూ మంచిదే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక ఫోన్ ఎత్తేదెవరు? చాలాకాలం లేబర్ వార్డులో ఎవరు దగ్గరుంటే వాళ్ళు ఎత్తేవారు. ఒక చేత్తో రిసీవర్, ఇంకో చేత్తో ఇంకొకరి కేస్ షీట్. అరగంట తర్వాత అదే తల్లి మళ్ళీ చేస్తే వేరే మనిషి ఎత్తి మొదటి నుంచి అడిగేది, లోగడి కాల్ సంగతి ఎక్కడా రాసి ఉండేది కాదు. ఈ తీరును మార్చిన వాటిలో వేల్స్ ముందుంది. 2000ల తొలి ఏళ్ళలో అక్కడ సహజ కాన్పు కోసం తెచ్చిన వేల్స్ అంతటా వర్తించే విధానంలో మొదటి భాగమే ఫోన్ సలహా: ఏమడగాలి, ఏం రాయాలి అన్నది కాగితం మీదికి వచ్చింది. ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ ఆసుపత్రులు ఇంకో అడుగు వేశాయి. ‘లేబర్ లైన్’ పేరుతో మిడ్‌వైఫ్‌లను తీసుకెళ్ళి అంబులెన్స్ సేవ కాల్ సెంటర్‌లో కూర్చోబెట్టాయి. వాళ్ళకు వార్డు పని లేదు, ఫోనే పని. అవసరమైతే పక్క సీటు నుంచే అంబులెన్స్ బయల్దేరుతుంది. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ట్రయాజ్ (ఎవరిని ముందు చూడాలో తేల్చే) పద్ధతి వచ్చిన తల్లిని పదిహేను నిమిషాల్లో చూసి, తీవ్రతను బట్టి రంగు కేటాయిస్తుంది. ఆ క్రమశిక్షణ తర్వాత ఫోన్‌కూ విస్తరించింది. నైస్ మార్గదర్శకాలు ఈ పనికే కేటాయించిన మిడ్‌వైఫ్ చేత ఫోన్ ట్రయాజ్ నడిపించే ఆలోచన చేయమంటున్నాయి. 2023 చివర్లో బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ ప్రసూతి ట్రయాజ్ మీద ప్రత్యేకంగా మంచి పద్ధతుల పత్రం వెలువరించింది.

ఇంత జరిగినా పరిస్థితి బాగుపడిందనలేం. 2022 మార్చిలో డోనా ఓకెండెన్ నివేదిక ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ, టెల్‌ఫర్డ్ ఆసుపత్రుల్లో 1,486 కుటుంబాలకు జరిగినదాన్ని బయటపెట్టింది. మంచి సంరక్షణ దొరికి ఉంటే 201 మంది బిడ్డలు బతికి ఉండేవారేమోనని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో ఈస్ట్ కెంట్ ఆసుపత్రుల మీద బిల్ కిర్కప్ నివేదిక వచ్చింది. ఇవి ఫోన్ ఒక్కదాని మీద నివేదికలు కావు. కానీ రెండింటిలోనూ మళ్ళీ మళ్ళీ వచ్చే ఫిర్యాదు, తల్లి చెబుతుంటే వినలేదని. ఆ వినకపోవడం మొట్టమొదట జరిగే అవకాశం ఫోన్‌లోనే ఉంది. కోవిడ్ కాలంలో ఇంట్లో ఆగే సమస్య ఇంకా ముదిరింది. భర్తను నొప్పులు బాగా అందుకున్నాకే లోపలికి రానిస్తామని చాలా ఆసుపత్రులు అనడంతో, ఆసుపత్రిలో ఒంటరిగా ఉండలేక తల్లులే ఇంట్లో ఆగిపోయారు.

ఇదంతా మన దగ్గర ఎలా ఉంది? ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నూటికి తొంభైఆరు తొంభైఏడు కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) లెక్కల్లో తెలంగాణ సిజేరియన్లు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఇంట్లో పెద్దవాళ్ళు దొంగనొప్పులో కాదో చూద్దామని జీలకర్ర కషాయం తాగించి ఓ గంట ఆగే రోజులు దాదాపు పోయాయి. ఆ ఆగడంలో అనుభవం ఉండేది, కానీ బిడ్డ గుండె వినే సాధనం ఉండేది కాదు. అందుకే అది పోయినందుకు బాధపడను. దాని స్థానంలో ఏమొచ్చిందన్నదే నా ప్రశ్న. పట్టణాల్లో నొప్పి అనగానే నర్సింగ్ హోమ్‌కు ఫోన్, ‘వచ్చేయండి’ అన్న జవాబు, రెండు సెంటీమీటర్లకే అడ్మిషన్, సాయంత్రానికి ఆపరేషన్. ఇంట్లో కాసేపు ఆగండని భరోసాగా, బాధ్యతగా చెప్పగల మనిషి ఫోన్‌కు అవతల లేడు. అన్నా నమ్మే వాతావరణం లేదు. పైగా మొదటి కాన్పు ఆపరేషన్ అయిన తల్లులు ఇంతమంది ఉన్నాక, రెండో కాన్పులో ఆగమని చెప్పే వీలే చాలామందికి లేకుండా పోయింది.

ఏజెన్సీకి వెళ్తే పాఠం తిరగబడుతుంది. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు కొండల్లోని తల్లికి ‘బలపడ్డాక రండి’ అనడం ప్రాణాంతకమైన సలహా. అక్కడ ట్రయాజ్ నడిచేది ఆశా కార్యకర్త సెల్‌ఫోన్ మీద. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి ఆమె 108 అంబులెన్స్‌కు చేస్తుంది, బండి రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది, మిగతా దారి డోలీ. అలాంటి చోట నొప్పులు రాకముందే తల్లిని ఆసుపత్రి దగ్గరి వసతి గృహానికి చేర్చడమే సరైన ఏర్పాటు. ఫోన్ సలహా దూరం, దారి చూసి ఇవ్వాల్సిందే తప్ప అన్ని చోట్లా ఒకే వాక్యం చదవకూడదు.

మన దగ్గర లేనిది ఫోన్ లైన్ కాదు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. ఆ కాల్ సెంటర్‌లో డాక్టర్లు కూర్చుని అంబులెన్స్ సిబ్బందికి సూచనలివ్వడం ఉన్న పద్ధతే, బండిలోనే కాన్పు చేసిన సిబ్బంది ఎందరో ఉన్నారు. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వ నర్సులకు ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో మిడ్‌వైఫరీలో గట్టి శిక్షణ ఇప్పిస్తోంది. 2018లో కేంద్రం కూడా నర్సులను ఈ పనికి తయారుచేసే మార్గదర్శకాలు తెచ్చింది. హాంప్‌షైర్‌లో చేసినట్టు వీళ్ళలో కొందరిని 108 కాల్ సెంటర్‌లో రాత్రీ పగలూ కూర్చోబెట్టవచ్చు. తెర మీద ఆ తల్లి గర్భిణీ రికార్డు కనబడాలి: ఎన్నో కాన్పు, పాత కుట్టు ఉందా, రక్తం ఎంత, ఊరికి బండి ఎంతసేపట్లో చేరుతుంది. ప్రతి కాల్ రికార్డు కావాలి. రెండోసారి చేసిన తల్లికి మొదటిసారి మాట్లాడిన మాట మళ్ళీ చెప్పుకునే పని ఉండకూడదు. మూడోసారి చేస్తే ఇక ప్రశ్నలు ఆపి పిలిపించాలి. భర్తో, అత్తగారో ఫోన్ చేసినా గర్భిణి చేతికి ఇప్పించి ఆమె గొంతు, ఆమె మాండలికం వినాలి; ఆమె గోండీలోనో కోయలోనో మాట్లాడితే ఆ భాష తెలిసిన మనిషి ద్వారా వినాలి.